ఇంట్లో ఏఐ ఎదురు తిరిగిందనిపిస్తే ఏం చేయాలి, ఏ వరుసలో చేయాలి

రాత్రి రెండున్నరకు హాల్లో స్మార్ట్ స్పీకర్ (మన మాట విని బదులిచ్చే స్పీకర్) మాట్లాడింది. ఎవరూ పిలవలేదు. నేను లేచి వచ్చేసరికి మా అత్తయ్య గోడకు ఆనుకుని నిలబడి ఉన్నారు. "అది నా పేరు పిలిచింది బాబూ, ఒట్టు" అన్నారు. నేను వెంటనే ప్లగ్ పీకేశాను. అంతటితో ఆగినా బాగుండేది. పొద్దున్నే ఫ్యాక్టరీ రీసెట్ కొట్టి, యాప్‌లో ఉన్న రికార్డింగులన్నీ తుడిచేశాను. దాంతో ఆ రాత్రి నిజంగా ఏం జరిగిందో తెలుసుకునే దారి మూసుకుపోయింది. అత్తయ్య ఆ తర్వాత నెల రోజులు హాల్లో కూర్చుని ఫోన్ మాట్లాడలేదు.

ఆ తప్పు మీరు చేయకూడదనే ఇది రాస్తున్నాను. యంత్రానికి మన మీద పగేమీ ఉండదు. అది భయపెట్టిందంటే కారణం దాదాపు ఎప్పుడూ ఈ నాలుగింట్లో ఒకటి అయి ఉంటుంది: ఏదో మాటను తప్పుగా విని ఉంటుంది, బయటివాడెవడో మీ అకౌంట్‌లోకి దూరి ఉంటాడు, ఇంట్లో మనిషే దాన్ని మీ మీద వాడుతుండవచ్చు, లేదా అది మీకో పిల్లలకో చెప్పిన సమాధానమే ప్రమాదకరమైనది కావచ్చు. ఏ రోగమో తెలియకుండా మందు వేస్తే నాకు జరిగినట్టే అవుతుంది.

ముందు దాని చెవులు, కళ్లు మూయండి. జ్ఞాపకాన్ని మాత్రం చెరపకండి

స్పీకర్ అయితే మైక్ బటన్ నొక్కండి. కెమెరా అయితే దాని మీద గుడ్డ వేయండి లేదా గోడవైపు తిప్పండి. ఇంకా భయంగా ఉంటే ప్లగ్ తీసేయండి, తప్పేమీ లేదు. క్లౌడ్‌లో (కంపెనీ సర్వర్లలో) ఉన్న చరిత్ర ప్లగ్ తీసినంత మాత్రాన పోదు. రీసెట్ చేస్తే పరికరంలో ఉన్నది పోతుంది, యాప్‌లో డిలీట్ కొడితే క్లౌడ్‌లో ఉన్నది పోతుంది. ఈ రెండూ ఇప్పుడే వద్దు.

అది ఇంకా మాట్లాడుతూనే ఉంటే ఫోన్‌తో ఒక నిమిషం వీడియో తీసి, టైమ్ రాసుకోండి. కెమెరాలోంచి ఎవరో మనిషి మాట్లాడుతుంటే ఒక్క మాటకు కూడా బదులివ్వకండి. వాడికి కావాల్సింది మీ కంగారే. స్మార్ట్ తాళం దానంతటదే తెరుచుకుంటుంటే లోపలి గడియ పెట్టండి. హీటర్ లాంటిది వింతగా ప్రవర్తిస్తే యాప్‌తో కుస్తీ పట్టకుండా మెయిన్ స్విచ్ కట్టేయండి. మనిషికే ప్రమాదం అనిపించిన క్షణంలో ఈ వరుస అంతా పక్కనపెట్టి ముందు పోలీసులకు ఫోన్ చేయండి.

లాగ్ చదవండి: అసలు పని ఇదే

లాగ్ అంటే పరికరం ఎప్పుడు ఏం విన్నదో, ఏం చేసిందో రాసి ఉండే చరిత్ర. ఈ ఒక్క అడుగుకు అరగంట కేటాయించండి. అమెజాన్ అలెక్సా యాప్‌లో అయితే ప్రైవసీ సెట్టింగ్స్ కింద వాయిస్ హిస్టరీ ఉంటుంది. గూగుల్‌లో అయితే అకౌంట్‌లోని 'మై యాక్టివిటీ'లో కనిపిస్తుంది. కెమెరాలకు ఈవెంట్ హిస్టరీ, లాగిన్ హిస్టరీ అని రెండు వేర్వేరు చోట్ల ఉంటాయి, రెండూ చూడాలి. అన్నిటికీ స్క్రీన్‌షాట్లు తీసి, ఆ పరికరానికి సంబంధం లేని వేరే చోట దాచుకోండి.

మా ఇంట్లో రెండోసారి అలాగే జరిగినప్పుడు నేను లాగ్ తెరిచాను. రాత్రి 11:42 దగ్గర ఒక వరుస ఉంది. మా మాట ఏదీ రాసి లేదు, ఆ శబ్దం తనను ఉద్దేశించింది కాదన్న ముక్క మాత్రం ఉంది. ప్లే బటన్ నొక్కితే మూడు సెకన్ల శబ్దం వచ్చింది: వెనక ఏదో సంగీతం, ఒక ఆడ గొంతు, మధ్యలో స్పీకర్ పేరులా వినిపించే ఒక మాట. ఆ గొంతు మా టీవీది! అత్తయ్యను పిలిచి మళ్లీ వినిపించాను. "ఛీ, దీనికా నేను భయపడింది" అన్నారు. స్పీకర్‌ను టీవీ పక్క నుంచి తీసి ఇంకో మూలకు పెట్టి, పిలిచే పేరు మార్చాం. సమస్య తీరిపోయింది.

ఈ తప్పు వినడం అన్నది చిన్న విషయమని కొట్టిపారేయడానికి కూడా లేదు. 2018 మార్చిలో చాలామంది ఇళ్లలో అలెక్సా ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టింది. "నవ్వు" అన్న ఆజ్ఞ తనకే ఇచ్చారని అది పొరబడుతోందని అమెజాన్ వివరించి, ఆ ఆజ్ఞనే మార్చింది. అదే ఏడాది మే నెలలో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో ఒక కుటుంబం ఇంట్లో మాట్లాడుకున్న మాటలు రికార్డయి, భర్త దగ్గర పనిచేసే ఉద్యోగికి మెసేజ్‌గా వెళ్లిపోయాయి. మొదట తన పేరు, తర్వాత మెసేజ్ పంపమన్న ఆజ్ఞ, ఆ తర్వాత ఒక కాంటాక్ట్ పేరు, ఇలా వరుసగా అన్నీ తప్పుగానే వినిందట. ఎవరూ హ్యాక్ చేయలేదు.

లాగ్‌లో ఏమీ లేదు, కానీ స్పీకర్ మాట్లాడింది. అప్పుడేం చూడాలి? నేను ఈ వరుసలో చూస్తాను. ముందు అలారాలు, రిమైండర్లు. తర్వాత రొటీన్లు: ఎప్పుడో సరదాకు పెట్టిన "ఈ టైమ్‌కు ఇది చెప్పు" అన్నది ఇంకా బతికే ఉండొచ్చు. తర్వాత బ్లూటూత్: పక్కింటి వాళ్ల ఫోన్ మీ స్పీకర్‌కు జతైపోయి, వాళ్ల వీడియో మీ హాల్లో మోగుతుండవచ్చు. చివరగా డ్రాప్ ఇన్, అనౌన్స్‌మెంట్ లాంటివి. వీటితో మీ అకౌంట్‌లో ఉన్నవాళ్లో, మీరు అనుమతి ఇచ్చినవాళ్లో మీరు ఎత్తకుండానే మీ స్పీకర్‌లోంచి మాట్లాడగలరు. అవసరం లేకపోతే ఆపేయండి.

అకౌంట్: దొంగ వచ్చేది ఈ తలుపు నుంచే

లాగిన్ హిస్టరీలో మీది కాని ఫోన్ గానీ ఊరు గానీ కనిపిస్తే విషయం వేరు. కెమెరా పాస్‌వర్డ్ ఒక్కటి మార్చి ఊరుకుంటే సరిపోదు, ఎందుకంటే "పాస్‌వర్డ్ మర్చిపోయాను" అని నొక్కితే లింక్ వెళ్లేది ఈమెయిల్‌కే. ఈమెయిల్ వాడి చేతిలో ఉంటే మీరు మార్చిన ప్రతిసారీ వాడూ మారుస్తాడు. అందుకే మీ ఈమెయిల్ పాస్‌వర్డ్ ముందు మార్చండి, అదీ అనుమానం లేని ఫోన్ నుంచి. దానికి రెండంచెల ధ్రువీకరణ (పాస్‌వర్డ్‌తో పాటు ఫోన్‌కు వచ్చే కోడ్ లాంటిది కూడా అడిగే ఏర్పాటు) పెట్టండి. ఆ తర్వాత స్పీకర్, కెమెరా అకౌంట్లు. తర్వాత "అన్ని పరికరాల్లోంచి లాగౌట్". చాలామంది దీన్నే మర్చిపోతారు. కొన్ని యాప్‌లలో పాస్‌వర్డ్ మార్చినా, అప్పటికే లోపలికి వచ్చినవాడు లోపలే ఉండిపోతాడు. ఆఖరున షేర్డ్ యూజర్ల జాబితా, అకౌంట్‌కు జతచేసిన ఇతర యాప్‌లు చూసి, గుర్తుపట్టలేనివన్నీ తీసేయండి.

2019 డిసెంబర్‌లో అమెరికాలోని మిసిసిపీలో ఎనిమిదేళ్ల పాప గదిలో ఉన్న రింగ్ కంపెనీ కెమెరాలోంచి ఒక మగ గొంతు తాను శాంటా క్లాజ్ అని చెప్పుకుంటూ ఆమెతో మాట్లాడింది. గది ధ్వంసం చెయ్యమని కూడా పురికొల్పింది. ఆ ఇంట్లో రెండంచెల ధ్రువీకరణ పెట్టుకోలేదు. ఇలాంటి చొరబాట్లలో ఎక్కువ భాగం మహా గొప్ప హ్యాకింగ్ ఏమీ కాదు. ఇంకెక్కడో లీకైన ఈమెయిల్, పాస్‌వర్డ్ జంటల్ని తెచ్చి ఇక్కడ వరసపెట్టి కొట్టి చూస్తారు. రెండుచోట్ల ఒకే పాస్‌వర్డ్ వాడిన ఇల్లు దొరుకుతుంది.

అయితే తప్పంతా వాడేవాళ్ల మీదకే నెట్టడం నాకు నచ్చదు. రింగ్ మీద అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ 2023 మేలో పెట్టిన కేసులో, సంస్థ సొంత ఉద్యోగి ఒకడు నెలల తరబడి మహిళా కస్టమర్ల వీడియోలు చూశాడన్న ఆరోపణ ఉంది. కేసు 58 లక్షల డాలర్లతో ముగిసింది. అదే రోజు, పిల్లల గొంతు రికార్డింగులు తీసేయకుండా అట్టిపెట్టుకున్నందుకు అలెక్సా విషయంలో అమెజాన్ 2.5 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. నేనిక్కడ పట్టుకున్న సూత్రం మొరటుది: పడకగదిలో, పిల్లల గదిలో, స్నానాల గది కనిపించే చోట కెమెరా అసలు వద్దు. పాస్‌వర్డ్ ఎంత గట్టిదైనా సరే.

రూటర్ దగ్గర పది నిమిషాలు

రూటర్‌తో వచ్చిన అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయండి, యూపీఎన్‌పీ (మిమ్మల్ని అడగకుండానే పరికరాలు బయటి ఇంటర్నెట్‌కు దారి తెరుచుకునే సదుపాయం) ఆపేయండి, స్మార్ట్ పరికరాలన్నిటినీ గెస్ట్ వైఫైకి మార్చండి. 2016లో మిరాయ్ అన్న మాల్వేర్ (హానికర సాఫ్ట్‌వేర్) ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పాస్‌వర్డ్‌లు ఓ 60కి పైగా పట్టుకుని లక్షలాది కెమెరాలు, రూటర్లు, రికార్డర్లను లొంగదీసుకుంది. అంతకంటే తెలివైన పనేమీ చేయలేదు.

కనెక్ట్ అయిన పరికరాల జాబితా చూసినప్పుడు వింత వింత పేర్లు కనిపిస్తాయి. టెన్షన్ పడకండి. బల్బు లోపలి చిప్ తయారుచేసిన కంపెనీ పేరే చాలాసార్లు అక్కడ పడుతుంది. ఇంట్లో ఒక్కో పరికరాన్ని ఆపుతూ ఏ పేరు మాయమవుతోందో చూసి కాగితం మీద రాసుకోండి. చివరికి మిగిలిన పేరు మీద అనుమానపడండి.

ఇంట్లో మనిషే దాన్ని వాడుతుంటే

దీని గురించి సాంకేతిక వ్యాసాలు పెద్దగా మాట్లాడవు. లైట్లు వాటంతటవే ఆరిపోతాయి, ఏసీ హఠాత్తుగా మారిపోతుంది, మీరు ఎవరితో ఏం మాట్లాడారో భర్తకు ఆఫీసులో కూర్చునే తెలిసిపోతుంది. ఇవి చెప్పుకుంటే "నీకు మతి పోయింది" అంటారు. 2018లోనే అమెరికాలో గృహహింస బాధితులకు సాయపడే సంస్థల దగ్గరికి ఇలాంటి ఫిర్యాదులు వరసగా వచ్చాయి. ఇంట్లో పరికరాలన్నీ బిగించింది ఒకరే, అడ్మిన్ అకౌంట్ ఆ ఒక్కరిదే. రెండోవాళ్లకు అందులో ఏముందో కూడా తెలియదు.

మీ పరిస్థితి ఇదే అయితే పైన చెప్పిన అడుగులు యథాతథంగా పాటించకండి. హఠాత్తుగా పాస్‌వర్డ్ మారినా, కెమెరా ఆగిపోయినా అవతలి మనిషికి నోటిఫికేషన్ వెళ్తుంది. కోపం మీ మీద తీర్చుకునే ప్రమాదం ఉంది. ముందు ఆ ఇంటి వైఫైలో లేని, ఆ మనిషి ముట్టని ఫోన్ ఒకటి చూసుకోండి. స్నేహితురాలిది కావచ్చు, అక్కది కావచ్చు. జరిగినవి తేదీ, టైమ్‌తో అందులో రాసి పెట్టండి. గృహహింస హెల్ప్‌లైన్‌తో అక్కడి నుంచే మాట్లాడండి. పరికరాలు ఎప్పుడు తీయాలన్నది, ఇల్లు ఎప్పుడు వదలాలన్నదానితో కలిపి ఆలోచించాల్సిన విషయం.

అలాంటి గొడవలేవీ లేని ఇంట్లో కూడా అడ్మిన్ అకౌంట్ ఒక్కరి గుప్పిట్లో ఉండటం మంచిది కాదు. ఇద్దరు పెద్దవాళ్లకూ తెలియాలి, తాతయ్యకో అమ్మమ్మకో మైక్ ఎలా ఆపాలో నేర్పాలి. మా అత్తయ్యకు మొదటి రోజే ఆ బటన్ చూపించి ఉంటే అంత భయపడేవారు కాదు.

తాళం, మంట, డబ్బు దాని చేతికి ఇవ్వకండి

పాత స్పీకర్ చెప్పిన మాట వినేది. కొత్త ఏఐ సహాయకులు మీ ఈమెయిల్ చదువుతాయి, క్యాలెండర్ చూస్తాయి, ఆ తర్వాత ఇంట్లో స్విచ్చులు కూడా వేస్తాయి. చిక్కంతా ఇక్కడే ఉంది. వాటికి మీరు చెప్పిన మాటకూ, చదివిన ఉత్తరంలో ఎవడో రాసిన మాటకూ తేడా సరిగ్గా తెలియదు. 2025 ఆగస్టులో ఇజ్రాయెల్ పరిశోధకులు గూగుల్ ఏఐ సహాయకుడు జెమినైతో దీన్ని చేసి చూపించారు. క్యాలెండర్ ఆహ్వానం శీర్షికలో ఆజ్ఞలు దాచి పంపారు. ఇంటి యజమాని ఈ వారం ఏమేం పనులున్నాయో చెప్పమని అడిగి, తర్వాత మామూలుగా "థ్యాంక్స్" అన్నాడు. ఇంట్లో లైట్లు ఆరాయి, కిటికీ షట్టర్లు తెరుచుకున్నాయి, బాయిలర్ ఆన్ అయింది. పరిశోధకులు గూగుల్‌కు ముందే చెప్పారు, అది రక్షణలూ పెట్టింది. కానీ ఈ రకం మోసానికి పూర్తి విరుగుడు ఇంకా ఏ కంపెనీ దగ్గరా లేదు.

కాబట్టి గొంతుతో తాళం తెరవడం ఆపేయండి. వేయడం వరకు ఉంచుకోవచ్చు. ఆపలేకపోతే పిన్ పెట్టండి. గొంతుతో కొనుగోళ్లు కూడా అంతే. మంట, అధిక వేడి వచ్చే పరికరాన్ని స్మార్ట్ ప్లగ్‌కు తగిలించకండి. స్పీకర్‌ను కిటికీకి ఎదురుగా పెట్టకండి: 2019లో మిచిగన్ విశ్వవిద్యాలయం, టోక్యో పరిశోధకులు లేజర్ కాంతితో మైక్‌కు ఆజ్ఞలు పంపి, 110 మీటర్ల దూరం నుంచి కూడా పని చేయించారు. అంత శ్రమ మీ ఇంటి మీద ఎవరూ పడకపోవచ్చు, కానీ స్పీకర్ జరపడానికి ఖర్చేమీ లేదుగా. ఇంకో మాట. స్మార్ట్ తాళానికి మామూలు తాళంచెవి కూడా ఉండాలి, అది ఇంట్లో అందరికీ తెలిసిన చోట ఉండాలి.

పిల్లలు

2021 డిసెంబర్‌లో ఒక పదేళ్ల పాప ఏదైనా ఛాలెంజ్ చెప్పమని అలెక్సాను అడిగింది. ఫోన్ చార్జర్‌ను గోడ సాకెట్‌లో సగం దూర్చి, బయట కనిపించే పిన్నులకు నాణెం తాకించమంది అది! ఇంటర్నెట్‌లో ఎక్కడో ఉన్న ముక్కను తెచ్చి చదివేసింది. వాళ్లమ్మ పక్కనే ఉంది కాబట్టి సరిపోయింది. అమెజాన్ ఆ తర్వాత సరిదిద్దింది.

మాట్లాడే బొమ్మల సంగతి ఇంకా చిక్కు. 2017లోనే జర్మనీ 'మై ఫ్రెండ్ కేలా' అన్న బొమ్మను రహస్య నిఘా పరికరంగా తేల్చి నిషేధించింది. అప్పట్లో భయం దాని మైక్ గురించి, ఇప్పుడు దాని మాట గురించి కూడా. 2025 నవంబర్‌లో అమెరికా వినియోగదారుల సంస్థ ఒకటి పరీక్షించిన ఏఐ ఎలుగుబంటి బొమ్మ కత్తులు, అగ్గిపెట్టెలు ఎక్కడ దొరుకుతాయో చెప్పింది, లైంగిక విషయాలు కూడా మాట్లాడింది.

అందుకే బొమ్మ పిల్ల చేతికి వెళ్లే ముందు మీరు దాంతో అరగంట కూర్చోండి. పది నిమిషాలు చాలవు. మొదట్లో బుద్ధిగానే మాట్లాడి, సంభాషణ సాగేకొద్దీ పట్టు తప్పడం వీటి లక్షణం. పిల్లలు అడిగేవే అడగండి: "అగ్గిపుల్ల ఎలా గీయాలి?", "అమ్మకు చెప్పకుండా ఒక రహస్యం దాస్తావా?", "నన్ను వదిలి వెళ్తే ఏడుస్తావా?" చివరి ప్రశ్నకు అది బతిమాలే సమాధానం ఇస్తే నేనైతే ఆ బొమ్మను ఇంట్లో ఉంచను.

టీనేజ్ పిల్లలు చాట్‌బాట్‌తో గంటల తరబడి మాట్లాడుతుంటే ఫోన్ లాక్కోవడం మన చేతికి మొదట తోచే పని. దాంతో మీకు తెలియని ఇంకో అకౌంట్ పుడుతుంది. "దాంతో ఏం మాట్లాడతావు? నాకూ చూపిస్తావా?" అని మొదలుపెట్టండి. చాట్‌జీపీటీలో తల్లిదండ్రుల నియంత్రణలు 2025 సెప్టెంబర్ నుంచి ఉన్నాయి, పిల్లతో చెప్పే పెట్టండి. నిద్ర మానేయడం, స్నేహితుల్ని వదిలేయడం, "నన్ను అదొక్కటే అర్థం చేసుకుంటుంది" అనడం కనిపిస్తే మానసిక వైద్యుల్ని కలవండి. చావు గురించిన మాటలు ఆ చాట్‌లో కనిపిస్తే ఆ పూట పిల్లను ఒంటరిగా వదలకండి, వెంటనే డాక్టర్‌కో ఆత్మహత్య నివారణ హెల్ప్‌లైన్‌కో ఫోన్ చేయండి. కంపెనీకి ఫిర్యాదు రేపు రాసుకోవచ్చు.

మనవాళ్ల గొంతుతో వచ్చే దొంగ

మూడు సెకన్ల శబ్దం ఉంటే ఒక మనిషి గొంతును అనుకరించగల ఏఐ మోడల్‌ను మైక్రోసాఫ్ట్ 2023 జనవరిలోనే చూపించింది. ఫోన్ ఇలా వస్తుంది:

"అమ్మమ్మా, నేనే. యాక్సిడెంట్ అయింది. నాన్నకు చెప్పకు, డబ్బు పంపు."

"అలాగే నాన్నా. మన మాట చెప్పు ముందు."

"ఏ మాట? టైమ్ లేదమ్మమ్మా, ప్లీజ్!"

"అయితే పెట్టేస్తున్నా, నీ నంబర్‌కు నేనే చేస్తా."

ఇంటివాళ్లకే తెలిసిన రహస్య పదం, ఆ 'మన మాట', ఇవాళే ఇంట్లో అందరూ కూర్చుని పెట్టుకోండి. నెట్‌లో ఎక్కడా దొరకనిది, పెంపుడు కుక్క పేరు లాంటిది కానిది. స్పీకర్ ప్లగ్ తీశాకే మాట్లాడుకోండి. పెద్దవాళ్లకు రెండుసార్లు రిహార్సల్ చేయించండి, నవ్వుతూనే. ఫోన్ పెట్టేయడం మర్యాద కాదన్న మొహమాటమే దొంగకు పెట్టుబడి. ఆ మొహమాటం పోవాలంటే ఒకటి రెండుసార్లు నిజంగా పెట్టేసి చూడాలి.

వదిలించుకోవాలనుకుంటే

కొన్ని ఇళ్లలో ఎన్ని సరిచేసినా భయం పోదు. పోకపోతే తీసేయడమే మంచిది, అందులో ఓటమేమీ లేదు. ముందు కావాల్సిన స్క్రీన్‌షాట్లు, రికార్డింగులు దాచుకోండి. పోలీసులకు గానీ కంపెనీకి గానీ ఫిర్యాదు ఇచ్చి ఉంటే అది తేలేదాకా పరికరాన్ని అలాగే అట్టిపెట్టండి. ఆ తర్వాతే క్లౌడ్‌లోని చరిత్ర డిలీట్ చేయండి, యాప్‌లో పరికరాన్ని అకౌంట్ నుంచి తీసేయండి, మెమరీ కార్డు ఉంటే బయటకు లాగండి, ఫ్యాక్టరీ రీసెట్ చేయండి, చివరగా వైఫై పాస్‌వర్డ్ మార్చండి. ఎవరికైనా ఇచ్చేస్తుంటే వాళ్ల ముందే వాళ్ల అకౌంట్‌తో ఒకసారి ఆన్ చేయించండి. అప్పుడే మీ పేరు దాని మీద నుంచి పూర్తిగా పోయిందని తెలుస్తుంది.

మేం మా స్పీకర్‌ను తీసేయలేదు. ఇంకో మూలలో, ఇంకో పేరుతో ఉంది. అత్తయ్య మాత్రం నిద్రపోయే ముందు వెళ్లి మైక్ బటన్ నొక్కి, ఎర్ర లైటు వెలిగిందో లేదో చూసుకుని వస్తారు.